పిట్టల తుపాకీ

పైక్ లేక్, ఉత్తర మిషిగన్
అక్టోబర్ 20, 2009

అన్నయ్య వెర్నర్‌కి,

తమ్ముడు తౌనో నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ క్షేమంగానే ఉండి ఉంటావు, లేకపోతే ఈపాటికి నీ వేట జతగాడు ఎల్మర్ పరుగెత్తుకొచ్చి చెప్పేవాడు. రోడ్డుకి అటు నువ్వు, ఇటు నేను ఉంటూ మధ్యలో ఈ ఉత్తరం ఏమిటని తపాలా అమ్మాయి నవ్వుకుంటుందేమో. నవ్వుకోనీ. ఎదురుగా నిలబడి మాట్లాడితే నువ్వు పైపు నోట్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తావు. కాగితం ముందు ఆ వేషం సాగదు.

నువ్వు నాకొక మాట ఇచ్చావు. 1976 నవంబరులో, మా ఇంటి మెట్ల మీద నిలబడి. మర్నాడు పదిహేనో తేదీ, జింకల సీజను మొదలు. నా కూతురు మార్లీన్‌కి అప్పుడే పద్నాలుగు నిండాయి, తుపాకీ పట్టి అడవిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. నేను పత్రికలో పనిచేసేవాణ్ణి, అచ్చు పని ముగించుకుని సాయంత్రానికి గాని అడవిలోని మన వేట క్యాంపుకి చేరలేను. అందుకని నిన్ను అడిగాను. "దాని చేతికి అమ్మ తుపాకీ ఇవ్వు అన్నయ్యా, వేరేదేదీ ఇవ్వకు" అన్నాను. నువ్వు నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మ తుపాకీ అమ్మ మనవరాలికి కాక ఇంకెవరికిరా? నా ప్రాణం అడ్డం పెట్టి ఇస్తాను, పోయి నీ పేపరు అచ్చేసుకో" అన్నావు. వదిన కారులోంచి హారన్ కొడుతోంది. అన్నీ గుర్తున్నాయి నాకు.

ఆ మాట ఏమైందో నీకూ తెలుసు. ఇన్నేళ్ళూ దాని గురించి మాట్లాడకుండా బతికాం. ఇకమీద కూడా మాట్లాడేవాణ్ణి కాను. కానీ మొన్న ఆదివారం నా మనవరాలు కెల్సీ వచ్చింది. నేను వేడి చేసిన పాస్టీ, మాంసం కూరిన రొట్టె, సగం తిని, సగం పళ్ళెంలోనే ఉంచి, "తాతా, జింకకి ఏ క్యాలిబర్ తూటా మంచిది?" అని అడిగింది. దానికీ ఇప్పుడు పద్నాలుగు. వాళ్ళమ్మ పోలికే, కనుబొమల దగ్గర మరీను.

ఎందుకడుగుతున్నావే అంటే, "పెద్దతాత నా కోసం ఒకటి సిద్ధం చేశాడట. ఏదో చెప్పడు. అడిగితే 'నీ భుజానికి తెలుస్తుందిలే' అంటాడు" అంది.

నీ భుజానికి తెలుస్తుందిలే. ఆ మాట విన్నాక నా పాస్టీ పక్కకి తోసేశాను. దాని పాస్టీ మిగిలిన సగం కూడా కుక్కకి పెట్టేశాను.

ఆ మర్నాడే ఎల్మర్ వచ్చి, తుపాకులు బాగుచేసే మనిషి షెడ్డులో నువ్వు పొడుగాటి పెట్టె ఒకటి దింపుతుంటే చూశానన్నాడు. "ఏం కొన్నాడ్రా మీ అన్న, ఏనుగులొస్తున్నాయా ఈ ఏడు?" అని నవ్వాడు. ముసలాడికి పళ్ళు పోయినా ఆ నవ్వు పోలేదు. ముప్ఫై ఏళ్ళ నించీ నేను ఆ నవ్వు మర్చిపోవాలని చూస్తున్నాను.

క్యాలిబర్ గురించి ఒక మాట చెప్తాను, విను. మన ఊళ్ళో మగవాళ్ళు దీని గురించి మాట్లాడేంత శ్రద్ధగా పాస్టరు దేవుడి గురించి కూడా మాట్లాడడు. దుకాణంలో గడ్డం కుర్రాడు కెల్సీకి ఆరున్నర మిల్లీమీటర్ల కొత్త రకం ఒకటి చూపించాడట, అరమైలు దూరం నుంచి కొట్టొచ్చని. మన సెడార్ చెట్ల మధ్య అరమైలు కనిపించే చోటు సరస్సు ఒక్కటే, దాని మీద జింకలు తిరగవు. కెల్సీ స్నేహితురాలి తండ్రి థర్టీ ఆట్ సిక్స్ తప్ప తక్కినవన్నీ బొమ్మలే అన్నాడట. ఆయన అదే తుపాకీతో రెండు సీజన్లుగా చెట్ల బెరడు వలుస్తున్నాడు. నువ్వు, ఎల్మర్, మీ జట్టంతా ఏమనేవాళ్ళో నేను కెల్సీకి చెప్పలేదు. మీకు మందు దండిగా దట్టించిన మాగ్నమ్ కావాలి. తూటా ఎంత లావైతే మనిషి అంత మగాడు. వెనక్కి ఎంత గట్టిగా తన్నితే అంత గొప్ప.

నేను యుద్ధాల చరిత్రలు ఎన్నో చదివాను. చదివి చదివి నాకు అర్థమైంది ఇంతే. కొత్త సిపాయి శత్రువుకి భయపడేది తరవాత, ముందు వాడికి తన తుపాకీ అంటే భయం. భయపడినవాడు మీట నొక్కే ముందే కళ్ళు మూసుకుంటాడు. ఇది చెప్పడానికి పుస్తకాలు కూడా అక్కర్లేదు. నాన్న చెప్పేవాడు: "ముందుకాలి వెనకాల, పిడికిలి పట్టేంత చోటుంటుంది. తూటా అక్కడ పెట్టు. అక్కడ పెట్టలేనివాడికి ఫిరంగి ఇచ్చినా దండగే." ఆయన మన క్యాంపుకి పెద్ద. ఆ అడవిలో ఆయనంత నికార్సైన వేటగాణ్ణి నేను చూడలేదు. పెన్సిలు పట్టుకోవడం రాకముందే జింక వదిలిన జాడ చదవడం నేర్పాడు నాకు. గాయపడిన జింకని వదిలేసి భోజనానికి కూర్చున్నవాడు నా బల్ల దగ్గర కూర్చోనక్కర్లేదు అనేవాడు. అలాంటి మనిషి కడుపున పుట్టినవాడివి నువ్వు.

అమ్మ తుపాకీ రెండువందల యాభై ఏడు రాబర్ట్స్ రకం. సన్నటి తూటా, మెత్తటి తన్ను. అమ్మ, అంటే హిల్జా కివెలా, ఆప్రాన్ కట్టుకునే పెరటి గుమ్మంలోంచి దాంతో జింకని కొట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళి కాఫీ పొంగకుండా దింపిన మనిషి. మీరేమో దాన్ని పిట్టల తుపాకీ అనేవాళ్ళు. అమ్మ ఉన్నంతకాలం ఎవడికీ ఆమె ముందు అనే ధైర్యం లేదు. పోయాక అందరికీ నోరొచ్చింది.

ఆ పదిహేనో తేదీ సాయంత్రం నేను క్యాంపు తలుపు తీసేసరికి ఏం చూశానో మళ్ళీ చెప్తాను, నువ్వు మర్చిపోయి ఉంటే. ఆవిరి స్నానానికి సౌనా పొయ్యి రాజుకుంటోంది. బల్ల చుట్టూ ఎల్మరూ మిగతావాళ్ళూ. నా కూతురు గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. కనుబొమ మీద అర్ధచంద్రంలా చీరుకుపోయి నెత్తురు గడ్డకట్టింది. మాగ్నమ్ వెనక్కి తన్నినప్పుడు పైనున్న దుర్భిణి అంచు వచ్చి కొట్టింది. పిల్ల వెనకాల నాన్న, చేతిలో కత్తెర.

గురి తప్పినవాడి చొక్కా కొస కత్తిరించి, పేరు రాసి గోడకి కొట్టడం మన క్యాంపు ఆచారం. ఆ గోడ మీద నీవీ నావీ బోలెడున్నాయి, నాకు దాంతో పేచీ లేదు. కానీ మార్లీన్, "నా గురి తప్పలేదు తాతయ్యా. జింక నడుం వంచి, తల విదిలించి పరిగెత్తింది. తగిలింది" అంటూనే ఉంది. ఎల్మర్ బల్ల చరిచి, "తగిలింది జింకకి కాదే, నీ నుదుటికి" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. మార్లీన్‌కి వాళ్ళమ్మ కుట్టిన ఎర్రగళ్ళ చొక్కా, కొస కత్తిరిస్తుంటే ఆయన కత్తెర రెండుసార్లు పక్కకి పోయింది. పెద్దతనం అనుకున్నాను.

అప్పుడు నువ్వు వచ్చావు, మంచు దులుపుకుంటూ. నీ భుజాన అమ్మ తుపాకీ.

పైగా దాంతో జింకని కొట్టొచ్చావు. ఒకే తూటా, పిడికిలి పట్టే చోట, అడుగు తీసి అడుగు వెయ్యకుండా కూలిందట. నా కూతురి చేతిలో ఉండాల్సిన తుపాకీ నీ భుజాన, నీ కొత్త మూడువందల మాగ్నమ్ దాని చేతిలో. "మార్లీన్‌కి ఇది ఎవరిచ్చారు?" అని అడిగాను. నువ్వు పైపు నోట్లోంచి తీశావు. పొయ్యి వైపు చూశావు. నాన్న వంగి పొయ్యిలో కట్టె పెడుతున్నాడు. "నేనే" అన్నావు.

ఒక్క మాట. క్షమించు అని లేదు, ఎందుకిచ్చానో వినమని లేదు. నేను అరిచాను. నా జీవితంలో నాన్న ఎదుట గొంతెత్తింది అదొక్కసారే, అదీ నీ వల్ల. జాడ వెతుకుదాం పదండి అంటే, "నేను అటే వచ్చాను, మంచు అంతా కప్పేసింది" అన్నావు. పొద్దున్నకి మోకాళ్ళ దాకా పడింది.

మంచు కరిగాక నేనొక్కణ్ణే వెళ్ళాను. చిత్తడిలో, సెడార్ల కింద దొరికింది. మంచి కొమ్ములు. కింది దవడ విరిగి ఉంది. దవడ విరిగిన జింక తూటాకి చావదు వెర్నర్. చుట్టూ కొమ్మలుండగానే, ఆకు కొరకలేక ఆకలికి చస్తుంది. మార్లీన్ నన్ను తిన్నగా అడిగింది, "దొరికిందా నాన్నా?" అని. నేను అబద్ధం చెప్పలేదు. అది మళ్ళీ క్యాంపు గడప తొక్కలేదు. పెళ్ళికి ముందు అల్లుడితో, "మా వాళ్ళ క్యాంపు గోడ మీద నా చొక్కా ముక్క ఉంది, నువ్వు చూడకు" అందట.

నాన్న పోయినప్పుడు శవపేటికకి అటు నువ్వు, ఇటు నేను పట్టాం. నువ్వు ఏదో చెప్పబోయావు. నేను మొహం తిప్పుకున్నాను. బాగా చేశాననే ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. కెల్సీకి ఆ పని చెయ్యకు. అది తనంతట తాను అడిగింది. వాళ్ళమ్మ ఒప్పుకోవడానికి ఎంత తన్నుకులాడిందో నీకు తెలీదు, నాకు తెలుసు. ఆ పిల్ల చేతికి రెండువందల నలభై మూడు రకం ఇవ్వు, మంచి తూటాతో అది చాలు. దుకాణంవాళ్ళు దాన్ని ఆడపిల్లల తుపాకీ అంటే అననీ. లేదా మూడువందల ఎనిమిదిలో తేలిక మందు దట్టించి ఇవ్వు. అన్నిటికన్నా మంచిది అమ్మ రాబర్ట్స్, నువ్వు దాన్ని ఏ బీరు సీసాకో అమ్ముకోకుండా ఉంటే. అడగాలంటే నాకు నోరు రావడం లేదు. అడిగితే "ఉంది" అని మళ్ళీ ఒక్క మాటే అంటావు.

పదిహేనో తేదీ పొద్దున దాని భుజాన మాగ్నమ్ కనిపించిందా, క్యాంపులో నలుగురి ఎదుటా లాక్కుని సరస్సులో పారేస్తాను. నాకు డెబ్భై అయిదు, నీకు డెబ్భై తొమ్మిది. మంచులో పడి కొట్టుకుంటే ఎల్మర్ మళ్ళీ నవ్వుతాడు. నవ్వనీ.

ఇట్లు,
నీ తమ్ముణ్ణి కాదని రాయడానికి వీల్లేని
తౌనో

తా.క. కవరు అంటించబోతుంటే మార్లీన్ వచ్చింది. కోటు కూడా విప్పకుండా నిలబడే అంతా చదివింది. చదివి కుర్చీలో కూలబడి, "ఇది పంపకు నాన్నా" అంది.

ఆ పొద్దున నీ తుపాకీ దాని చేతికిచ్చింది నువ్వు కాదట. నువ్వు అమ్మ తుపాకీనే ఇచ్చి, తూటాలు కూడా దాని జేబులో వేసి, లోపల బూట్లు వేసుకుంటున్నావట. గుమ్మం దగ్గర మన నాన్న ఆపాడట. "ఆ పిట్టల తుపాకీతో నా క్యాంపులోంచి బయటికెళ్తే వీళ్ళంతా నవ్వుతారే పిల్లా. కివెలా అనిపించుకోవాలంటే ఇది పట్టు" అని గోడకున్న నీ మాగ్నమ్ తీసి చేతిలో పెట్టి, "మీ నాన్నకి చెప్పకు" అన్నాడట. నీకు మిగిలింది అమ్మదే కాబట్టి అదే పట్టుకెళ్ళావు. సాయంత్రం నేను అరుస్తుంటే అది నోరు తెరవబోయిందట. నువ్వు దాని వైపు చూసి తల అడ్డంగా ఊపావట. తరవాత ఎప్పుడు చెప్పబోయినా, "మీ నాన్నకి వాళ్ళ నాన్నంటే ప్రాణమే, వదిలెయ్" అన్నావట. ఆ పొడుగాటి పెట్టెలో ఉన్నది కూడా అమ్మ రాబర్ట్సేనట. వెనక చెక్క కెల్సీ భుజానికి సరిపడా కోయించావట.

ఉత్తరం చింపెయ్యమంది. చింపను. ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా పంపుతున్నాను.

నాన్న ఆ తరవాత పన్నెండేళ్ళు బతికాడు. ప్రతి ఆదివారం నా బల్ల దగ్గర కూర్చుని నా కాఫీ తాగాడు. పిడికిలి పట్టే చోటు గురించి చెప్పిన నోటితోనే పిట్టల తుపాకీ అని ఎలా అన్నావు, ఆ కత్తెర ఎలా పట్టుకున్నావు అని ఆయన్ని అడిగి ఉండేవాణ్ణి. తిట్టి ఉండేవాణ్ణి. కొన్నాళ్ళు ఇంటికి రావద్దని ఉండేవాణ్ణి. ఆయన పోయేలోపు, ఎలాగో ఒకలా, క్షమించి కూడా ఉండేవాణ్ణి. అదంతా నా చేతిలోంచి లాక్కున్నావు, ఒక్క "నేనే"తో. నీకది గొప్ప త్యాగంలా ఉండి ఉంటుంది. నాకు మాత్రం తండ్రీ దక్కలేదు, అన్నా దక్కలేదు.

మట్టిలో ఉన్నవాడి మీద కోపం పెట్టుకోవడం నాకు రాదు. ఈ వయసులో నేర్చుకోను. పదిహేనో తేదీ క్యాంపుకి వస్తాను, కెల్సీ కోసం. నీ పక్కన కూర్చుంటానని మాత్రం అనుకోకు. నేను తప్పు పట్టేది ఇప్పటికీ ఒక్కణ్ణే. వాడి పేరు వెర్నర్ కివెలా.