గీత మీద గోళ్ల రంగు

నాచారం,
30 మార్చి 2007.

అమ్మకు,

నీ గౌతమి నమస్కారాలు. ఇక్కడ నేను, నాన్న, చిల్కానగర్‌లో అమ్మమ్మ అందరం మంచిగున్నాం. ఆ జోర్హాట్ వానల్లో నువ్వూ మంచిగున్నావనుకుంటున్నాను.

తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. లెక్కలు బాగా రాశాను. తెలుగులో ఒత్తులు మింగేస్తున్నానని టీచర్ అంటోంది, ఇందులో తప్పులుంటే నవ్వకు. అమ్మమ్మ మోకాళ్లకు నువ్వు పంపిన నూనె రాస్తున్నాను. ఆ ల్యాబ్‌లో నీ రెండేళ్లు ఎప్పుడైపోతాయా అని నాన్న రోజూ క్యాలెండర్ చూస్తాడు, నేను చూడట్లేదనుకుని.

నీ స్కూటీ సంగతి చివర్లో రాస్తాను.

మొన్న మా క్లాసు ప్రజ్ఞ, నేను వాళ్ల మేనమామ కొమురెల్లితో ఉప్పల్ దగ్గర ఒక గ్రౌండుకు వెళ్లాం. ఎవరూ విడిపించుకోని బండ్లను పోలీసులు అక్కడ ఏప్రిల్ పద్దెనిమిదిన వేలం వేస్తారట. మామ అలాంటివి కొని, బాగుచేసి అమ్ముతాడు.

"అందరు ఇంజిన్ జూస్తరు, నేను గీతలు జూస్త," అన్నాడు. "గీతకేం జేసిన్రో జూస్తే, బండిని ఎట్ల సూసుకున్నరో ఎర్కైతది."

దుమ్ములో వంగి చూస్తూ పోయి, ఒక చోట ఆగాడు.

"అరె, గిది జూడున్రి! గీతకు గోళ్ల రంగు పూసిన్రు. ఎవలో గని మస్తు పానం బెట్టుకున్నరు. గిది నేనే పాడుత."

అది నువ్వు పూసిన రంగే అమ్మా.

దసరా సెలవుల్లో నీ స్కూటీ మీద ప్రజ్ఞను ఎక్కించుకుని ఉప్పల్ ఎగ్జిబిషన్‌కు వెళ్లాను. లైసెన్సు లేదు, అంత వయసే లేదు. జెయింట్ వీల్ పైనుంచి స్టేడియం లైట్ల స్తంభాలు, నాచారం పొగగొట్టాలు కనిపించాయి. గేటు దగ్గర అడ్డంగా పెట్టిన బండ్లను లారీ ఎక్కిస్తున్న పోలీసులు కూడా కనిపించారు. వీల్ ఆగేదాకా దిగలేను. దిగి ఉరికేసరికి నీ స్కూటీ వంతు వచ్చింది.

"ఎవలదిది?" అని కానిస్టేబుల్ నన్నే అడిగాడు.

తాళంచెవి నా పిడికిట్లోనే ఉంది. "నాది కాదు" అన్నాను.

స్కూటీ అమ్మమ్మ ఇంట్లో ఉందని నాన్నకు చెప్పాను. నాన్న నాచారం తెచ్చుకున్నాడని అమ్మమ్మకు చెప్పాను. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నప్పుడల్లా మధ్యలో దూరి మాట మార్చేదాన్ని. నువ్వు ఫోన్‌లో అడిగితే లైన్ సరిగా లేదన్నాను.

మొన్న గ్రౌండులో మామ బండి నంబరు రాసుకుంటుంటే, "రాయకు మామా, అది మా అమ్మది" అన్నాను. ఏడ్చింది మాత్రం ప్రజ్ఞ.

"ముందుగాల చెప్పొద్దా పోరీ! జరైతే మీ అమ్మ బండిని నేనే అమ్ముకుందును!" అని తిట్టి, హెడ్ కానిస్టేబుల్ పోశయ్య గారి దగ్గరికి తీసుకెళ్లాడు. అంతా చెప్పాను, "నాది కాదు" అన్నది కూడా.

ఆయన రిజిస్టర్ చూశాడు. "బండి మీ అమ్మ పేరు మీదున్నది. ఆమె సంతకం బెట్టి కాయితం రాయాలె. అది, ఆర్సీ పట్టుకోని మీ నాయన రావాలె. వేలంకు ముందే రావాలె, అర్థమైందా?" నా మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. "భయపడకు బిడ్డా. నాదేనని ఒప్పుకునేటోళ్లు రాకనే గీడ గిన్ని బండ్లు పడున్నయి."

కాబట్టి అమ్మా, ఈ ఉత్తరం అందగానే ఆ కాగితం రాసి, సంతకం చేసి స్పీడ్ పోస్టులో పంపు. ఆర్సీ బీరువాలో నీ పట్టుచీర మడతలో దొరికింది. బండి వచ్చాక నాన్న నడుపుతాడు, నేను వెనక కూర్చుంటాను.

అమ్మమ్మకు తర్వాత చెప్తాను, ముందు చెప్పాల్సింది నాన్నకు. నా ఉత్తరాలు పోస్టు చేసేది ఆయనే కదా. కవరు అంటించి, గమ్ ఆరేదాకా నొక్కిపట్టి మరీ ఇచ్చేదాన్ని. ఆయన ఒక్కటి కూడా విప్పలేదు. ఈసారి అంటించను. "ముందు నువ్వు చదువు నాన్నా" అని చేతిలో పెడతాను. భయంగానే ఉంది. కానీ ఇది నీకు చేరిందంటే, నాన్న చదివి, తనే అంటించి పంపాడన్నమాట.

ఇట్లు,
నీ బిడ్డ,
గౌతమి.