ఒక గడి జరిగిన నెమలి మెడ

ఆదివారం రాత్రి, ధర్మవరం

చిన్నప్పటి నుంచి నేను ఎవరి బొమ్మలు దిద్ది నేర్చుకున్నానో, ఆయన కొత్త కామిక్స్ పుస్తకం వచ్చింది. అందులో రాణి చీర అంచు మీద నెమలికి మెడ ఒక గడి పక్కకు జరిగి ఉంది. మగ్గం మీద నేసే అంచుకు గళ్ల కాగితం మీద గ్రాఫు గీసేటప్పుడు నాయన ఒక్కడే చేసే తప్పు అది. పోయినేడు ఆ చిత్రకారుడికి నేను పంపిన బొమ్మల్లో నాయన గీసిన ఆ నెమలి ఉంది. జవాబు రాలేదు.

నాయనకు చూపించి, "అడగకుండా ఎత్తుకున్నాడు" అన్నాను.

"నా తప్పు గూడా అంత బాగుండాదా?" అని నవ్వాడు. "నువ్వు ఆయప్ప బొమ్మలు దిద్దేటప్పుడు అడిగినావా, పాపా?"

నేను నా పేరుతో అచ్చుకు ఇవ్వలేదు కదా అనుకున్నాను. రేపు పత్రికకు పంపాల్సిన నా మొదటి బొమ్మల కథ తీసి చూశాను. అందులో అందరికీ ఆ చిత్రకారుడు గీసే ముక్కే ఉంది.

ఆయనను నిలదీస్తూ రాస్తున్న ఉత్తరం సగంలో ఆపాను. ముందు ఆ ముక్కులు చెరపాలి.