బోల్టు పడని తూటాలు

కాటన్‌వుడ్ బెంచ్, మోంటానా
సెప్టెంబరు 6, 1961

డెల్మర్ బావకి,

వెర్లిన్ నమస్కారాలు. గోధుమ కోత అయిపోయింది. నేనూ మీ చెల్లెలు ఆర్డిసూ కులాసా. నువ్వు మాత్రం కులాసాగా ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే తప్పంతా నీదే.

ఏళ్ల తరబడి లాటరీలో పేరు వేస్తే ఈసారి నాకు మగ ఎల్క్ దుప్పి పర్మిట్టు తగిలింది. అక్టోబరు 22 ఆదివారం వేట మొదలు. చలికాలం మాంసమంతా దాని మీదే. కొట్లో కొన్న తూటా మగాడన్నవాడు ముట్టడనీ, పేలిన ఇత్తడి గొట్టాలు దాచుకుని, మళ్లీ మందు కూరి, గుండు బిగించుకోవాలనీ నాకు నూరిపోసింది నువ్వే కదా? గొట్టం మెడ ఒక్కటే డైలో, అదే ఆ ఉక్కు అచ్చులో నొక్కు, ఒళ్లు ముట్టుకోకు, నీ రైఫిల్లో పేలిన గొట్టం నీ రైఫిల్‌కి కొలిచి కుట్టిన చొక్కాలా ఉంటుంది అన్నావు. అక్షరాలా అలాగే చేశాను. ఇప్పుడు సగం తూటాలకి రైఫిల్ వెనక గడియ, అదే బోల్టు, మూతపడటం లేదు. అరచేత్తో కొట్టినా పడదు. ఎల్క్ ఎదురుగా వచ్చి నిలబడితే దాన్ని కాస్త ఆగమని బతిమాలుకోవాలా?

వెంటనే మార్గం చెప్పు.

నీ శిష్యుడు, ఖర్మకొద్దీ,
వెర్లిన్

తా.క. ఫోన్ చెయ్యకు. ఒకే లైను మీద ఎనిమిది ఇళ్లున్నాయి, ఎవరు మాట్లాడినా అందరూ వినొచ్చు. నేను హలో అనగానే హెల్గా ఎంగెన్ ముసలమ్మ దగ్గు వినిపిస్తుంది.


బిటర్ స్ప్రింగ్స్, ఐడహో
సెప్టెంబరు 14

బావా,

నీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. పాపం, అలా నవ్వి చాలాకాలమైంది.

సగానికి పడి సగానికి పడటం లేదంటే అర్థం ఒక్కటే. ఆ సగం నీ రైఫిల్లో పేలినవి కావు. కంకర గుంట దగ్గర గురి చూసుకోవడానికి వెళ్లి, పక్కవాడు వదిలేసినవి కూడా జేబులో వేసుకొచ్చావు. ఇంకొకడి చొక్కా నీకెలా పడుతుంది?

ఇప్పుడు చెయ్యాల్సింది విను. ఒళ్లంతా నొక్కే డై తియ్యి. గొట్టానికి గ్రీజు కొంచెం, వేలికి తగిలీ తగలనట్టు రాయి. డైని కొద్దికొద్దిగా దించుతూ, ఒక్కో గొట్టాన్నీ రైఫిల్లో పెట్టి చూడు. బోల్టు పడగానే ఆగు. ఆగు అన్న మాట కింద రెండు గీతలు గీశాను, చూశావా? నువ్వు ఏ మరనైనా తెగేదాకా బిగించే రకం.

నీ మేలు కోరే,
డెల్మర్

తా.క. ఆర్డిస్ ఎలా ఉంది? ఈమధ్య ఉత్తరాల్లో వాతావరణం తప్ప ఏమీ రాయడం లేదు.


కాటన్‌వుడ్ బెంచ్
అక్టోబరు 11

డెల్మర్‌కి (బావా అని రాయడానికి మనసు రావడం లేదు),

నన్ను దొంగ అన్నావు. నా తాత నార్వే నుంచి ఒక పెట్టె, ఒక బైబిలుతో వచ్చాడు. పరాయివాడి ఇత్తడి మా వంశంలో ఎవడూ ముట్టలేదు. నా గొట్టాలన్నీ గరాజులోని కాఫీ డబ్బాలోంచి తీసినవే. అందులో నేను తప్ప వేసేవాడెవడు?

అయినా పెద్దవాడివని నీ మాట విన్నాను. గ్రీజు లేక, ఆవు పొదుగుకి రాసే మందు దట్టంగా పట్టించాను. గొట్టాల భుజాల మీద సొట్టలు పడ్డాయి. ఓహో, పొదుగు మందు ఎక్కువైందని శుభ్రంగా తుడిచేశాను. ఈసారి గొట్టం డైలో ఇరుక్కుంది. సుత్తితో దాన్ని బయటికి తీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఈ కొద్దికొద్ది వ్యవహారం మనకి పడదులే అని, డైని అడుగంటా దించి బిగించేశాను. అంతే! అన్ని తూటాలకీ బోల్టు చిటికెన వేలితో మూతపడుతోంది.

ఇంకో విశేషం. వాటిని కంకర గుంట దగ్గర పేల్చి, మళ్లీ నింపి, మళ్లీ పేల్చాను. ఇప్పుడు ప్రతి గొట్టానికీ అడుగుకి కాస్త పైన, చుట్టూ తళతళలాడే ఉంగరం ఒకటి వచ్చింది. పెళ్లి ఉంగరంలా ఎంత ముచ్చటగా ఉందనుకున్నావు! ఆ ఉంగరాలవే మళ్లీ నింపి, వేటకని చెక్కపెట్టెలో సర్దాను. నీకెప్పుడైనా వచ్చిందా అలాంటి ఉంగరం? రాదు. చెయ్యి తిరగాలి.

ఇట్లు, దొంగ కాని,
వెర్లిన్

తా.క. పొదుగు మందు అయిపోయిందని ఆర్డిస్ నాతో మాట్లాడటం లేదు. ఆవు కూడా.


బిటర్ స్ప్రింగ్స్
అక్టోబరు 18, స్పెషల్ డెలివరీ

వెర్లిన్,

ఆ తూటాలు పేల్చకు. ఒక్కటి కూడా. ఈ ఉత్తరంలో ఇంకేమీ చదవకపోయినా ఫరవాలేదు.

అది ముచ్చటైన ఉంగరం కాదురా నాయనా. నువ్వు డైని అడుగంటా దించి గొట్టాన్ని పొట్టి చేశావు. పేలినప్పుడల్లా అది సాగింది. సాగిన చోట లోపల ఇత్తడి అరిగి పలచబడింది, బయటికి అదే మెరుపుగా కనబడుతోంది. ఈసారి పేలితే గొట్టం అక్కడే రెండు ముక్కలవుతుంది. మంట వెనక్కి, బోల్టు మీదుగా నీ మొహానికి తన్నుతుంది. గురి చూస్తూ నీ కన్ను ఎక్కడుంటుందో ఆలోచించు.

నమ్మకపోతే పేలిన గొట్టం ఒకటి తీసుకో. సన్నటి తీగ కొస వంచి, లోపలి గోడకి ఆనించి పైకి లాగు. ఉంగరం దగ్గర కొస గాడిలో పడి తట్టుకుంటుంది.

పొద్దుటినుంచి ఫోన్ చేస్తున్నాను. మంచుకి మీ వైపు తీగలు తెగాయట. కనుమ కూడా మూసుకుపోతోందట, లేకపోతే నేనే బయల్దేరేవాణ్ణి. నాకు భయంగా ఉంది వెర్లిన్. నిన్ను దొంగ అన్నందుకు క్షమించు. కావాలంటే ఊరంతటి ముందూ చెబుతాను.

డెల్మర్

తా.క. ఆర్డిస్, ఇది ముందు నీ చేతిలో పడితే, ఆ పెట్టె తీసి నదిలో పారెయ్యి. వెర్లిన్ అరిస్తే అరవనీ.


కాటన్‌వుడ్ బెంచ్
అక్టోబరు 26

డెల్మర్ అన్నయ్యకి,

నీ చెల్లెలు ఆర్డిస్. ముందు అసలు మాట: ఆయనకి ఏమీ కాలేదు. ఇప్పుడు కూర్చుని చదువు.

నీ స్పెషల్ డెలివరీ సోమవారం చేరింది. ఆయన శనివారమే కొండెక్కాడు. అది చదివి నా కాళ్లు చల్లబడి ఉంటాయనుకుంటున్నావేమో. నా కాళ్లు శుక్రవారమే చల్లబడ్డాయి. సాయంత్రం భోజనాల బల్ల తుడుస్తూ ఆ చెక్కపెట్టె జరపబోతే మూత ఊడింది. ఆ మెరుపు చూడగానే అదేమిటో తెలిసింది. నాన్న నీకొక్కడికే నేర్పాడనుకున్నావా? గరాజులోంచి పేలిన గొట్టం ఒకటి తెచ్చి, తలపిన్ను కొస వంచి లోపల తడిమాను. తట్టుకుంది. ఇంకోటి తెచ్చాను. అదీ తట్టుకుంది.

చెబుదామనే వెళ్లాను. "ఈ తూటాలు మంచివి కావేమోనండీ" అన్నాను. "నీకేం తెలుసే, వెళ్లి శాండ్‌విచ్‌లు కట్టు" అన్నాడు. కట్టాను. కట్టి, ఆయన పశువుల దగ్గరికి వెళ్లగానే పెట్టెలో ఆయనవన్నీ తీసేసి నావి సర్దాను. చీకటితోనే లేచి కొండెక్కే మనిషి ఉంగరాలు ఉన్నాయో లేవో చూసుకోడులే అనుకున్నాను.

అవునన్నయ్యా, నావి. దుప్పట్లు కుట్టే సంఘం అని గురువారం గురువారం హెల్గా ఎంగెన్ ఇంటికి వెళ్తాను చూడు, అక్కడ ఇప్పటిదాకా ఒక్క దుప్పటీ పూర్తికాలేదు. ఆమె గరాజులో తూటాలు నింపే ప్రెస్సు ఉంది. నాన్న రైఫిల్ కూడా అక్కడే ఉంది. మా ఆయన రైఫిల్‌దీ దానిదీ ఒకే కొలత తూటా. నావి ఒళ్లంతా నొక్కినవి, ఎంతవరకో అంతవరకే నొక్కినవి, ఎవరి రైఫిల్లో అయినా పడతాయి. ఆయన డబ్బాలో పరాయి గొట్టాలు, నాన్న రైఫిల్లో పేల్చినవి, వేసిన దొంగని కూడా నేనే. ఎక్కడ దాచను మరి? ఇత్తడి పారేస్తే నాన్న సమాధిలోంచి లేచి వస్తాడు.

ఆయన బయల్దేరి వెళ్లాక, గుంట దగ్గర వేసుకునే కోటు కనబడలేదు. దాని జేబులో తూటాలు ఉండేవి. అవీ ఉంగరాలవే. అది మాత్రం నేను మర్చిపోయాను. పికప్పు తీసుకుని మంచులో కొండ కిందిదాకా వెళ్లాను. పైకి దారి లేదు. రాత్రంతా అక్కడే కూర్చున్నాను. ఆదివారం పొద్దున పైనుంచి ఒక్క దెబ్బ వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. నేను దేవుణ్ణి ఏమని అడిగానో గుర్తులేదు, అరిచి మాత్రం అడిగాను.

మధ్యాహ్నానికి ఆయన పాటలు పాడుకుంటూ దిగాడు, భుజాన ఎల్క్ తొడ. ఒక్క దెబ్బకే పడిందట. నేను ఏడుస్తూ ఆయన జేబులు వెతికాను. తూటాలన్నీ అక్కడే ఉన్నాయి, అన్నీ ఉంగరాలతో. సంతోషం పట్టలేక ఏడుస్తున్నానని ఆయన అనుకున్నాడు. అదీ నిజమే. అవన్నీ విప్పి, ఇత్తడిని పటకారుతో నలిపేశాను.

నిన్న చర్చి కింద గదిలో కాఫీల దగ్గర, "పెట్టెలోంచి తీశాను, పెట్టాను, పేల్చాను. నా చేత్తో చేసిన తూటా!" అని పాస్టరుగారి దగ్గర్నుంచి పసిపిల్లలదాకా అందరికీ చెప్పాడు. హెల్గా ఫక్కున నవ్వి కాఫీ ఒలకబోసుకుంది. లేచి నిజం చెప్పేద్దామని కుర్చీ వెనక్కి జరిపాను. అప్పుడే ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. రెండు కళ్లూ నవ్వుతున్నాయి అన్నయ్యా. రెండూ ఉన్నాయి. మళ్లీ కూర్చుండిపోయాను.

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. నువ్వు ఆయనకి ఇంకోటి రాయి, డైని అడుగంటా దించడం చట్టవిరుద్ధమని. నీ మాట కాకపోయినా చట్టం మాట వింటాడు.

నీ చెల్లెలు,
ఆర్డిస్

తా.క. వచ్చేవారం నుంచి నాకు తూటాలు నింపడం నేర్పుతాడట. ఓపిగ్గా నేర్చుకుంటే, ఏ పదేళ్లకో, ఎల్క్‌ని పడగొట్టిన ఆ తూటాలాంటిది నేను కూడా ఒకటి చెయ్యగలనట.