తేదీ తనకి, తిథి నాకు

సోమవారం, బహుళ చవితి

సుగుణ నా ఫోనులో మైకు బొమ్మ చూపించింది. నొక్కి మాట్లాడితే మాటలు అక్షరాలవుతాయంట. నాకు రాని అక్షరం దీనికి వస్తాది. "నేను చదవనులే అత్తా" అనింది. చదవకపోతేనే మేలు.

నా కొడుకు శీనుగాడు పోయినాడు — రొయ్యల చెరువు కాడ, నీళ్ళు చిలికే ఏరేటరు కరెంటు కొట్టి. కోడలు మిగిలింది. నర్సు చదువు చదివిన పిల్ల. ఇంకో సర్టిఫికెట్టు పరీక్ష గట్టెక్కితే పెద్దాసుపత్రిలో తీసుకుంటారంట. రాయి రాయి అని పోరింది వాడే.

బుధవారం, షష్ఠి

గోడకి టైంటేబులు అతికించింది. తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా గళ్ళే. అడిగితే, ఒక్క గడిలోనూ అన్నం లేదు.

"రొయ్యల్ని కూడా ఇట్ట మేపరు మే" అన్నాను. మేత ఒకేసారి కుమ్మరిస్తే అడుగున కుళ్ళి నీళ్ళు చెడతాయి. కొంచెం వేయాల. కాసేపాగి నీళ్ళలోంచి మేత ట్రే ఎత్తి చూడాల. తినుంటేనే మళ్ళీ వేయాల.

నవ్వింది. ఎన్నాళ్ళకో.

అది చించి ఇంకోటి రాసింది. పొద్దున ఒక పాఠం, మధ్యాహ్నం ఒకటి. సాయంత్రం పుస్తకం మూసి నాకు చెప్పాల.

శుక్రవారం, పౌర్ణమి

మూడు వారాలుగా "ట్రే ఎత్తు" అంటాను రోజూ. గుండెలో గదులు, రక్తం ఎటు పోయి ఎటు వస్తాదో... చెప్తాది. నాకేం అర్థమయింది? తడబడితే మాత్రం తెలుస్తాది. తడబడిన పాఠం రేపటికి మళ్ళీ.

ఈరోజు పాఠం — కరెంటు కొట్టిన మనిషికి ముందు ఏం చేయాల. సగంలో ఆగిపోయింది. లోపలికి పోయి బియ్యం ఏరుకుంటా కూర్చుంది.

మంగళవారం, చవితి

ఆ పాఠం వదిలేసింది. నేనూ అడగలా.

గురువారం, షష్ఠి

మరిది రమణయ్య వచ్చినాడు, చంకలో పంచాంగం. శీనుగాడి సంవత్సరీకం నవమినాడు. ఆదివారం. పరీక్షా ఆదివారమే.

వాడు పోయిన తేదీ చూసుకొని, పరీక్ష అయిన పది రోజులకి గదా కర్మ అని గళ్ళు గీసింది సుగుణ. తిథి ముందుకొస్తాదని దానికి తోచలేదు. నవమి అని నాకు తెలుసు, పరీక్ష ఏ తిథిన పడిందో తెలీదు. తేదీ తనకి, తిథి నాకు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు ఇద్దరం.

"వాడి పెళ్ళాం ఇంట్లో లేకుండా పిండం పెట్టను వదినా. పరీక్షకేం, మళ్ళీ వస్తాది."

"మళ్ళీ వచ్చేనాటికి చంకలో ఇంకేదో తెస్తావులే."

శుక్రవారం, సప్తమి

"నేను పోను అత్తా. ఆయన దినం." టైంటేబులు పీకేసింది.

అన్నం మెతుకులు పూసి నేనే అతికించినాను. తలకిందులుగా పెట్టినానంట. తీసి సరిగ్గా పెట్టింది. పెట్టి, దాని ముందే కూర్చుంది.

శనివారం, అష్టమి

అయ్యవారిని అడిగొచ్చినాను. కర్మ మధ్యాహ్నం మీద, మూడింటిలోపల అయితే చాలంట. పరీక్ష ఒంటిగంటకి అయిపోతాది. నెల్లూరులో బస్సెక్కితే అందుకుంటాది.

రమణయ్య ఒప్పుకున్నాడు. "మూడు దాటితే లేచిపోతా. ఆపైన నన్ననొద్దు."

సాయంత్రం అడక్కుండానే ట్రే ఎత్తింది. కరెంటు పాఠమే. ముందు కరెంటు ఆపాల, మనిషిని ముట్టుకోకూడదు, గుండె మీద రెండు చేతులేసి... చివరిదాకా చెప్పింది. ఎక్కడా తడబడలా.

ఆరోజు చెరువు కట్టమీద ఇది తెలిసినవాళ్ళు లేరు.

ఆదివారం, నవమి

లోపలికి పోయే ముందు ఫోను చేసింది. "అత్తా, కంప్యూటర్లు పనిచేయడం లేదంట. చాలా ఆలస్యంగా మొదలు పెడతారంట. ఏం చేయమంటావు?"

"రాయి" అని పెట్టేసినాను.

వంటయిపోయింది. విస్తరి వేసినాం. రమణయ్య తలస్నానం చేసి కూర్చున్నాడు. నేను వచ్చి బస్సులాగే చోట రేకుల కింద కూర్చున్నాను.

నెల్లూరు నుంచి వచ్చే మైపాడు బస్సు మలుపు తిరిగింది. మూడు లోపల వచ్చేది ఇదొక్కటే. ఇందులో దిగిందంటే సగంలో లేచి వచ్చినట్టు. వాడికి పిండం అందుతాది. దిగకపోతే పూర్తిగా రాస్తున్నట్టు. వాడు ఆకలితో పోతాడు.

ఏది కోరుకునేది నేను... కన్నదాన్ని.

ఆగింది బస్సు. ఎవరెవరో దిగతా ఉండారు, చెప్పులు కనపడతా ఉండాయి.

ట్రే ఎత్తు, ట్రే ఎత్తు అని రోజూ గద్దించినదాన్ని. తల ఎత్తలేకుండాను.