అమ్మ తీగ కవ్వం

తమ్ముడు వెండెల్‌కు,

దేవుడి దయవల్ల అందరం బాగున్నాం. థాంక్స్‌గివింగ్ పండుగ నాడు పొద్దున్నే నాన్న అమ్మ ఏప్రన్ కట్టుకుని టర్కీ కోడిని ఓవెన్‌లో పెట్టారు. గ్రేవీ కూడా తానే చేస్తానన్నారు. పిండిని ముందు కొవ్వులో వేయించకుండా, మరుగుతున్న మాంసం రసంలో ఒక్కసారిగా కుమ్మరించారు. అంతా ఉండలు కట్టింది.

"నాన్నా, ఇది గ్రేవీనా, గోలీల పులుసా?" అంది మన చెల్లి మార్జొరీ.

"నోరు తర్వాత, ముందు జల్లెడ తే!" అన్నారు నాన్న. వడకట్టి, ప్రార్థన చేసుకుని, అదే తిన్నాం.

అమ్మ అంత్యక్రియల నాడు నువ్వూ నాన్నా మాటా మాటా అనుకుని, నువ్వు ఇంటికి రావడం మానేసి మూడేళ్లయింది. కానీ గ్రేవీ చెయ్యడం అమ్మ దగ్గర నేర్చుకున్నది నువ్వొక్కడివే. పిండి ఉండ కట్టకుండా గిలకొట్టే ఆమె తీగ కవ్వం కూడా నీ దగ్గరే ఉంది. దాన్ని పోస్టులో పంపమని మొదట రాద్దామనుకున్నాను.

మీ పాపకు దగ్గు తగ్గిందా? మేడ మీద నీ గది కిటికీకి కొత్త అద్దం వేయించాం. మీ అందరి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.

పండుగ సాయంత్రం పళ్లాలు తుడుస్తూ అందరం ఒక మాట అనుకున్నాం. క్రిస్మస్‌కి గ్రేవీ నువ్వే చెయ్యాలి. కవ్వం పోస్టులో పంపొద్దు, నువ్వే పట్టుకుని రా. ఈ మాట ముందుగా అన్నది నాన్నే.

మీ అక్క,
ఆర్లీన్