ఖాళీ గడిలో "ఖాళీ" అని రాయించుట గురించి

ఆళ్లగడ్డ,
ఆదివారం.

చేతివృత్తుల అంగళ్ల కేటాయింపు అధికారి గారి సముఖమునకు,
నంద్యాల.

అయ్యా,

విషయం: అంగళ్ల కేటాయింపు తెరపై గడులను రంగులతో మాత్రమే చూపుట వలన నా భర్త, టైలర్ షేక్ ఇలియాస్‌కు కలిగిన నష్టము, మరొక అవకాశము కోరుట గురించి.

పెండ్లినాడు నేను కట్టుకున్న చీర మా ఆయనకు ఏ రంగులో కనబడి ఉంటుంది? ఏండ్ల తరబడి ఈ ప్రశ్న నాతోనే ఉంది. అర్జీలో రాయదగిన మాట కాదని తెలుసు. తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చదివిన పాపానికి ఇట్లాంటివి నన్ను ఒక పట్టాన వదలవు. కానీ పోయిన మంగళవారం తమ కార్యాలయంలోని యంత్రం ఇంచుమించు ఇదే ప్రశ్న అడిగినది, మా ఆయన మూడుసార్లు తప్పినారు. కావున విన్నవించుకొనునది ఏమనగా:

1. నా భర్తకు ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే తీరుగా, ఎండిన మట్టి రంగులో కనబడును. ఇది పుట్టుకతో వచ్చినది. చూపులో మరే లోపమూ లేదు. సూదిలో దారం నాకంటే ముందే ఎక్కించగలరు. గుర్తు కోసం ప్రతి దారం రీలు కొసన ముడులు వేసుకొని పని చేయుదురు, ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు. పెండ్లయిన ఆరేండ్ల దాకా ఈ సంగతి నాకే తెలియదు. ఒకనాడు అంగడి సర్దుతూ, చూసేదానికి బాగలేవని ఆ ముడులన్నీ కత్తిరించి పారేసినాను. ఆ వారమే చర్చిలో పాటలు పాడే క్వైర్ ఆడవాళ్ల ఎర్ర జాకెట్లకు ఆయన ఆకుపచ్చ దారంతో అంచులు కుట్టినారు. విప్పేదానికి నేను కత్తెర తీసినాను. క్వైర్ నడిపే రెబెకా మేడమ్ వచ్చి, "ఏమన్నా ఇలియాస్, క్రిస్మస్ అని ఎరుపుకు ఆకుపచ్చ కలిపినావా? భలే ఉండాయే!" అని, మరుసటేడు ఇంకో ఇరవై కుట్టమన్నారు. ఆమె పోయినాక మా ఆయన నావైపు తిరిగి, "ఆకుపచ్చ యాడుంది దీంట్లో?" అన్నారు.

2. రోడ్డు వెడల్పు పనిలో ఆళ్లగడ్డలోని మా అంగడి ఈ నెలాఖరుకు పోవును. కొత్త అంగళ్ల సముదాయంలో ఆయనకు వంతు వచ్చినది. అయితే నిబంధన ప్రకారం దరఖాస్తుదారు తానే వేలిముద్ర వేసి, తెరపై ఖాళీ గడిని తానే తాకవలెను. తోడు వచ్చినవారు పసుపు గీత ఇవతలే నిలబడవలెను. తెరపై నలభై గడులు, ఒక్కో అంగడికి ఒకటి. ఖాళీవి ఆకుపచ్చ, నిండినవి ఎరుపు. ఇంకే గుర్తూ లేదు.

యంత్రం దగ్గర కూర్చునే జాన్ గారు మంచివారే. "ఏముందన్నా, ఆకుపచ్చది ఒత్తు, అంతే" అన్నారు. మా ఆయన ఒకటి ఒత్తినారు.

"అది నిండిందన్నా. ఆకుపచ్చది, ఆకుపచ్చది."

ఇంకొకటి ఒత్తినారు.

"మళ్లా ఎర్రదే ఒత్తుతాండావే! ఏందన్నా, నిండిన జాగా మీద అంత మనసు?"

నేను ఉండబట్టలేక గీత ఇవతలి నుండి, "కింది వరుసలో మూడోది!" అని అరిచినాను. "మేడమ్, కేకలు, సైగలు కూడవు" అన్నారు జాన్ గారు. ఆ గొడవలో మా ఆయన వేలు పక్క గడి మీద పడి, మూడోసారీ తప్పినారు. యంత్రం మూసుకున్నది. "దరఖాస్తుదారునకు ఆసక్తి లేదు" అని రసీదు అచ్చయి వచ్చినది.

3. ఆసక్తి ఉన్నది.

4. అసలు సంగతి అక్కడే చెప్పి ఉండవచ్చును గదా అని తమరు అడగవచ్చును. తిరుగు బస్సులో నేనూ అదే అడిగినాను. శిరివెళ్ల దగ్గర ఆయన ముందు సీట్ల వైపు చూసి, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకున్నారు. తర్వాత, "చెప్పినాననుకో షాహీదా, రేపటినుంచి వచ్చినోడల్లా అంగీ పట్టి చూపించి, 'ఇదేం రంగన్నా? మరి ఇదేం రంగు?' అని ఆటాడుకుంటాడు. ఆట అయినాక గుడ్డ మాత్రం ఇంకో టైలర్‌కు ఇస్తాడు" అన్నారు.

"అంగడి పోతే?" అన్నాను.

"అంగడి పోతే ఇంట్లో కుడతా. పేరు పోతే యాడ కుట్టేది?"

 

5. ఆ తెర నమూనా పటం తమ కార్యాలయం గోడకు అంటించి ఉన్నది. దాన్ని ఫోనులో ఫోటో తీసి, నలుపు తెలుపు జిరాక్స్ తీయించి దీనికి జతపరచడమైనది. నలభై గడులూ ఒకే బూడిద రంగులో వచ్చినవి. అందులో ఖాళీ అంగడి ఏదో తమరు వేలు పెట్టి చూపవలెనని ప్రార్థన. మూడు ప్రయత్నములు మాత్రమే.

కావున ఖాళీ గడిలో "ఖాళీ" అని, నిండిన గడిలో "నిండినది" అని రాయించవలెను. చదవనేరనివారి కోసం నిండినదానికి అడ్డంగా ఒక గీటు కొట్టించవలెను. రంగులు తీసివేయమని కోరుట లేదు. ఒకటి బాగా ముదురు, ఒకటి బాగా లేత చేసినా తేడా తెలియును. ఆ వరుసలో ఇట్లాంటివారు ఇంకెందరు నిలబడినారో, వారూ మా ఆయన లాగే బయటికి చెప్పుకోరు. ఆ పని జరిపించి, ఇరవయ్యో తేదీ లోపల నా భర్తకు ఇంకొక్కసారి ఆ తెరను తాకే అవకాశం ఇప్పించవలెను. ఇరవై దాటితే ఆయన వంతు జాబితాలో తర్వాతివారికి పోవును.

పై సంగతులను, జిరాక్సుతో సహా, తీరికగా, కండ్లద్దాలు పెట్టుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ షాహీదా, ఎం.ఏ.

తా.క.: రేపు అర్జీలను హాల్లో మైకులో చదివి పిలుస్తారని ఇప్పుడే తెలిసింది. దయచేసి దీన్ని చదివించొద్దు సార్. ఒకటో అంశం నేను రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసినాను. అది లేకుంటే అర్జీకి కారణమే లేదు. అది ఉంటే ఆయన ఇన్నేండ్లూ దాచుకున్నది నా చేతులారా పోతుంది. ఆయనకు చెప్పకనే రాస్తాండా. ఇది తమ చేతికి వచ్చిందంటే నేను తేల్చుకున్నానని అనుకోవద్దు, గడువు ముంచుకొచ్చి ఇచ్చినానంతే. ఆయన అంగడి నిలబెట్టేదానికి ఆయన గుట్టు ఆయన్ని అడక్కుండా చెప్పే హక్కు నాకుందో లేదో, ఇప్పటికీ నాకు తెలియదు.