ఇరవై ఏడు తైపింగులు

జహ్రా, కువైట్
2024 నవంబరు 17, ఆదివారం

సిచువాన్ రాష్ట్రంలో తైపింగ్ అనే ఊళ్లో ఉంటున్న లువో జియాన్ తల్లిగారి సముఖమునకు,

కోనసీమలో పి.గన్నవరం పక్క లంకకు చెందిన కీర్తిశేషులు బంగారయ్య భార్య, ప్రస్తుతం కువైట్‌లో ఒక ఇంట పనికి ఉన్న చంద్రావతి చేతులు జోడించి రాసుకునే ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయవలెను అని మా వైపు మొదలుపెడతారు. మిమ్మల్ని ఆ మాట అడగడానికి నాకు నోరు లేదు. నేనూ క్షేమంగా లేను. అందుకని ఆ వరస వదిలేస్తున్నాను.

నా పేరు మీరు విని ఉండరు. నా కొడుకు పేరు వినే ఉంటారు, అయ్యప్ప. ఇక్కడ అమ్ఘరాలో ఇనప పైపుల యార్డులో మీ అబ్బాయితో కలిసి పనిచేసినవాడు. మీ అబ్బాయి చనిపోయిన కేసులో ఉరిశిక్ష పడి ఇక్కడి జైల్లో ఉన్నవాడు. ఈ ముక్క చదవగానే కాగితం చించి పొయ్యిలో వేయాలనిపిస్తుంది మీకు. వేయండి, తప్పులేదు. కాని చివరిదాకా చదివి వేయండి. మీరు నాకంటె పెద్దవారో చిన్నవారో తెలియదు కాబట్టి అక్కా అని పిలుస్తాను. అక్క తిడితే పడటం చెల్లెలికి నామోషీ కాదు కదా.

చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. నాకు కావలసింది ముందే చెబుతాను. చనిపోయినవాడి కన్నవాళ్లు "మా హక్కు మేం వదులుకున్నాం" అని సంతకం పెట్టి ఇస్తే ఉరి తప్పి జైలుశిక్షగా మారే దారి ఇక్కడ ఉంది. దాన్ని తనాజుల్ అంటారు. పై కోర్టు కూడా ఉరి ఖాయం చేసి ఏడాది కావస్తోంది. ఇక ఈ దేశాన్ని ఏలే అమీరుది ఒక్క పెద్ద సంతకం మిగిలింది. అది రేపు పడవచ్చు, ఆర్నెల్లకు పడవచ్చు. అది పడ్డాక మీ కాగితం వచ్చినా లాభం లేదని వకీలు చెప్పాడు. అక్కా, నాకు ఆ కాగితం కావాలి. నాకు వాడొక్కడే.

ఇంత కోరిక కోరేదానికి మీ చిరునామా తెలియదంటే నవ్వు వస్తుందేమో. కోర్టు కాగితాల్లో మీ అబ్బాయి గురించి మూడే ముక్కలు ఉన్నాయి: లువో జియాన్, తైపింగ్, సిచువాన్. ఆ కంపెనీ పని ముగించుకుని దుకాణం కట్టేసింది. అడగాల్సిన చోటల్లా అడిగాం. చనిపోయినవాడి ఇంటి ఆచూకీ కేసులో ఉన్నవాడి తరఫువాళ్లకు చెప్పకూడదట. అదీ న్యాయమే. నేను మాత్రం మొదట్లో సంబరపడ్డాను. ఊరి పేరు ఉంది కదా, ఇంకేం కావాలి? ఊళ్లో దిగి ఫలానావాళ్ల ఇల్లెక్కడ అంటే ఎవరో ఒకరు చూపించరా అనుకున్నాను.

నేను పనిచేసే ఇంట్లో అల్లాబకష్ అని డ్రైవరు ఉన్నాడు, రాయచోటివాడు. అతని కూతురు షబ్నమ్ మీ దేశంలో ఆరేళ్లు ఉండి డాక్టరు చదువు చదివింది. ఇప్పుడు ఇక్కడ అర్దియాలో ఒక క్లినిక్‌లో పనిచేస్తోంది. ఈ ఉత్తరం మీ అక్షరాల్లోకి దించేది ఆ పిల్లే. ఆ పిల్ల ఫోన్లో పటం తెరిచి, కాసేపు దాన్ని అటూ ఇటూ జరిపి, నా మొహం చూసి ఫోన్ బోర్లించింది. నేను గదిమితే అప్పుడు చెప్పింది. తైపింగ్ అంటే శాంతి, సుఖం అని అర్థమంట, ఆ పేరు యా ఊరోళ్లు వద్దంటారత్తా, అందుకే అన్నున్నాయి అంది. ఒక్క సిచువాన్‌లోనే ఇరవై ఏడు దొరికాయి. పటంలో ఎక్కని పల్లెలు ఇంకెన్నో తెలియదంది. అల్లాబకష్ తల పట్టుకుని, యాడికని రాస్తావక్కా ఇంగ అన్నాడు.

ఒకే పేరున్న ఊళ్లతో వచ్చే తంటా నాకు కొత్త కాదు. మాది కోనసీమ గన్నవరం. విజయవాడ దగ్గర విమానాలు దిగే గన్నవరం ఇంకొకటి ఉంది. నా పెళ్లికి బరంపురం నుంచి బయల్దేరిన మా మేనమామ ఆ గన్నవరంలో దిగి, పందిరి కనపడిన ప్రతి ఇంటికీ వెళ్లి పెళ్లికూతురు చంద్రావతేనా అని అడిగాడట. ఎవరో జాలిపడి భోజనం పెట్టి పంపారు. మావాళ్లింటికి చేరేసరికి నేను అత్తారింట్లో ఉన్నాను. రెండు గన్నవరాలకే మంగళసూత్రం చూడలేకపోయాడు పాపం. నాకు ఇరవై ఏడు ఊళ్లు, చేతిలో ఎన్ని రోజులున్నాయో కూడా తెలియదు.

మా మామా, అంటే ఇంటి యజమానురాలు, నెలకొకసారి జైలుకు వెళ్లనిస్తుంది. ఆ నెల వెళ్లినప్పుడు గాజు ఇవతల నుంచి మావాణ్ణి అడిగాను, లువో తన ఊరి గురించి ఏం చెప్పాడో గుర్తు చేసుకోమని. ఆడి ఊరు తైపింగేనమ్మా, ఊరంటే ఊరే కదా, ఇన్నుంటాయని నాకేం తెల్సు అని విసుక్కున్నాడు. తరువాత తల గాజుకు ఆనించి ఒక్కొక్కటే చెప్పాడు. మీ పెరట్లో మిరప ముద్ద ఊరవేసిన జాడీలు వరసగా ఉంటాయట. ఎండ రాగానే మూతలు తీసి, చినుకు పడితే పరిగెత్తి మూస్తారట. ఊరి చివర పైకప్పున్న చెక్క వంతెన ఉందట. చలికాలం మీకు మోకాళ్లు పట్టేస్తాయట. మీ కుడిచేతి చూపుడువేలికి కొన లేదట, గడ్డి కోసే కత్తికి పోయిందట. ఇవి ఉన్న తైపింగ్ మీది. లేకపోతే కాదు.

ఒకరి భాష ఒకరికి రానివాళ్లు ఇన్ని ఎలా చెప్పుకున్నారా అని నాకూ అనిపించింది. మీవాడు పైన క్రేన్ నడిపేవాడు. మావాడు కింద నిలబడి పైపుల కట్టకు గొలుసు బిగించి, ఎత్తు, దించు, ఆగు అని చేతులతో చెప్పేవాడు. నాలుగేళ్లు అలా చేశాక మామూలు మాటలు కూడా చేతులతోనే వచ్చేశాయట. ఒకే గది, పక్కపక్క మంచాలు. నేను పంపిన ఆవకాయ మీవాడు ఉత్తదే తినేవాడట. ఆడు మంచోడేనమ్మా అంటాడు మావాడు ఇప్పటికీ.

ఫోన్లలో పెట్టేయి, గంటలో చైనా అంతా తెలుస్తుంది అన్నారు చాలామంది. నేను వద్దన్నాను. మీ కొడుకు చావు మళ్లీ నలుగురి నోళ్లలో పడి, మీ గుమ్మం ముందు జనం చేరి సంతకం పెట్టమని మిమ్మల్ని పీడించడం నాకిష్టం లేదు. అందుకే జూన్‌లో వకీలు చెప్పినట్లు, తోపులాటలో జరిగిపోయిందని ఒక చిన్న ఉత్తరం రాయించి తొమ్మిది తైపింగులకు పంపాను. షబ్నమ్‌తో చదివిన చైనా అమ్మాయి ఒకతె, మేం పంపిన కట్ట విప్పి, ఒక్కొక్కటీ ఒక్కో ఊరి గ్రామ కార్యాలయానికి పోస్టు చేసింది.

రెండు జవాబులు వచ్చాయి. మొదటిది ఒక కార్యాలయం నుంచి, ఆ పేరుగలవారు మా ఊళ్లో లేరని. రెండోది ఒక తల్లి నుంచి. ఆవిడ కొడుకు పేరూ లువో జియానే. ఉత్తరం చదువుతూ గుమ్మంలోనే ఆగి కొడుక్కి ఫోన్ చేసిందట. అతను పక్క పట్నంలో లారీ నడుపుతున్నాడు, నిక్షేపంలా ఉన్నాడు. ఆవిడ నన్ను తిట్టలేదు. ఇలా రాసింది: మీరు వెతికే తల్లిని నేను కాదు, కాని ఫోన్ ఎత్తేదాకా నేనే ఆ తల్లిని. అప్పుడు నాకు తోచిన ప్రశ్న ఒకటే, ఆ వేళ నా కొడుకు ఏం చేస్తున్నాడు అని. మీ ఉత్తరంలో అది లేదు. అసలు తల్లికి రాసేటప్పుడు అది రాయండి.

అందుకని మిగిలిన పద్దెనిమిది ఊళ్లకూ ఈసారి నేనే రాస్తున్నాను. ఆవిడ అడిగినదానికి జవాబు ఇది. 2023 జనవరి, మీ కొత్త సంవత్సరానికి వారం ముందు. సాయంత్రం ఇద్దరూ పని దిగి గదికి వచ్చారు. ఏదో మాట వచ్చింది. మాటామాటా పెరిగి మావాడు తోశాడు. మీవాడు పడ్డాడు, ఇనప మంచం కోడు తలకు తగిలింది. తోయడం తప్పే. చంపాలని మాత్రం తోయలేదు. కోర్టు నమ్మలేదు. మీరు నమ్మండి.

ఈ కబురు తెలిశాక ఇంటిపని వీసా మీద నేనూ కువైట్ వచ్చేశాను, వాడున్న ఊరిగాలి అయినా పీల్చవచ్చని. మధ్యాహ్నం ఇంట్లోవాళ్లంతా పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. ఫోన్ మోగితే చాలు కలం పక్కన పెట్టి పరిగెడుతున్నాను. అక్కా, నా దగ్గర మీకివ్వడానికి ఏమీ లేదు. మీ కొడుకును నేను తేలేను. నా కొడుకును మీరు ఉంచగలరు. వాడు బతికినంత కాలం జైల్లోనే ఉన్నా సరే, నెలకొకసారి గాజు ఇవతల నుంచి చూసుకుంటాను.

మీరు ఆ తల్లి కాకపోతే, నా వల్ల మీ గుండె ఒక క్షణం ఆగినందుకు క్షమించండి. ఆ చుట్టుపక్కల వేలికొన లేని తల్లి ఎవరైనా ఉంటే ఈ కాగితం ఆమె చేతిలో పెట్టండి.

మీ రాత కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్న,
మీ చెల్లెలు కాదగని
చంద్రావతి

తా.క. నవంబరు 21. పై ఉత్తరం షబ్నమ్ మీ అక్షరాల్లో రాసి, కాపీలు తీసి, కట్ట కట్టి ఇచ్చింది. రెండు రోజులుగా ఆ కట్ట నా తలగడ పక్కనే ఉంది. పోస్టుకు ఇవ్వడానికి చేతులు రాలేదు. ఈరోజు విప్పేశాను. వకీలు ఈ ముక్క రాయొద్దన్నాడు. షబ్నమ్, ఇది చదివినాక యా తల్లి సంతకం పెడతాది అత్తా, నీ బిడ్డను నువ్వే సంపుకుంటావా అని ఏడ్చింది. ఏడుస్తూనే రాసిచ్చింది. మొదటి తొమ్మిది ఊళ్లకు కూడా ఇది పంపుతున్నాను, అబద్ధం అక్కడికీ చేరింది కనుక.

మావాడు తోయలేదక్కా. కొట్టాడు. గొలుసులు బిగించే పెద్ద స్పానర్‌తో, వెనక నుంచి, రెండుసార్లు. వాడి నోటితోనే చెప్పాడు నాకు. ఒక్క దెబ్బయితే ఆవేశం అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని.

వచ్చిన ఆ మాట ఏమిటో కూడా నాకు తెలుసు. ఒక క్రేన్ మీద ఉన్న ఇద్దరిలో ఒకసారి ఒక్కరికే సెలవు ఇచ్చేవారు. కరోనాకు మీ దేశం తలుపులు మూసుకుని మూడేళ్లు మీ అబ్బాయి ఇంటికి రాలేదు. తలుపులు తెరిచారు, సెలవు దొరికింది, టికెట్టు కొన్నాడు. అదే వారం మా ఆయన పోయారు. పెద్దకర్మ చేయాల్సిన కొడుకు అయ్యప్ప ఒక్కడే. నీ సెలవు నాకివ్వమని బతిమాలాడు. మీవాడు ఇవ్వనన్నాడు. మా అమ్మ ఎదురుచూస్తోంది అన్నాడట. నేను ఫోన్లో నా కొడుకుని ఏమన్నానో చెప్పనా? ఆ చైనావాడి పండగపాటి చేయడా నీకు కన్నతండ్రి, మగపుటక పుట్టావా నువ్వు, సెలవు లాక్కోవడం చేతకాదా అన్నాను. అలా అని ఫోన్ పెట్టేశాను. అది జరిగింది ఆ ఫోన్ తరువాత అరగంటకే. మూడేళ్లుగా కొడుకు కోసం దారి చూస్తున్న తల్లి ఒకతె ఉందని నాకు తెలియదని అనను. అయ్యప్ప చెప్పాడు, నేను వినలేదు. మాఫీ కావలసింది వాడొక్కడికే కాదు. అయినా వాడికే ఇవ్వండి, నాకొద్దు.

ఆ వేళ మీ అబ్బాయి ఏం చేస్తున్నాడంటే, పెట్టె సర్దుకుంటున్నాడు. మీ మోకాళ్లకని జహ్రా బజారులో మందపాటి దుప్పటి కొన్నాడు. అది ఒక్కడికి మడత పడదు. ఆ కొస పట్టుకోమని మావాడికి చేత్తో సైగ చేశాడు. మావాడు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మడిచి తాడు కట్టారు. మీవాడు దాన్ని పెట్టెలో పెట్టడానికి వంగాడు.

సంతకం మీ ఇష్టం. పెట్టకపోయినా ఒక్క ముక్క రాయండి, ఆ దుప్పటి మీకు చేరిందా? మెరూన్ రంగు, మధ్యలో పెద్ద గులాబీ పువ్వు ఉంటుందట.